పోపు మర్చిపోయిన పెరుగు పచ్చడి

ఈ వేసవిలో మా చెల్లెలు డాలస్ నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చింది. వచ్చిన నాలుగో రోజు సాయంత్రం "అక్కా, నువ్వు కాసేపు కూర్చో, ఇవాళ స్నాక్స్ నా వంతు" అని నన్ను వంటింట్లోంచి పంపేసింది. అరగంట తర్వాత చూస్తే బల్ల మీద పెద్ద పళ్ళెం. చుట్టూ ఆలూ చిప్స్, వేళ్ళలా పొడుగ్గా కోసిన క్యారెట్, కీరా ముక్కలు. మధ్యలో ఒక గిన్నెలో తెల్లగా, చిక్కగా ఏదో. అందులో అక్కడక్కడా గోధుమరంగు ఉల్లిపాయ తునకలు.

మా అబ్బాయి ఆ గిన్నె వంక చూసి, వెంటనే నా మొహం వంక చూశాడు. ఎందుకంటే 2024 దసరా తర్వాత మా ఇంట్లో అలాంటి తెల్లటి గిన్నె బల్ల మీదకి రాలేదు. నేనే రానివ్వలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈలోగా మా అత్తయ్య ఒక చిప్‌తో కొంచెం తీసుకుని నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకుని రుచి చూసి, "ఇది ఉల్లిపాయ పెరుగు పచ్చడే కదుటే అమ్మాయ్! పోపు పెట్టడం మర్చిపోయావు" అన్నారు.

చెల్లెలు పడీ పడీ నవ్వింది. "కాదు అత్తయ్యగారూ, ఇది అచ్చంగా అమెరికా వాళ్ళది. అక్కడ ఏ పార్టీకి వెళ్ళినా ఉంటుంది. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కూడా చేస్తారు, కాకపోతే ఓ పచ్చిమిరపకాయ ఎక్కువ వేస్తాం" అంటూ తను తెచ్చుకున్న ఉల్లిపాయ సూప్ పొడి ప్యాకెట్ చూపించింది. ఆవిడ ఆ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎండబెట్టిన ఉల్లిపాయల్ని అంత దూరం నుంచి మోసుకొచ్చావా తల్లీ?" అన్నారు. మావారితో సహా అందరూ నవ్వారు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. నా మనసు ఆ గిన్నె దగ్గరే ఆగిపోయింది. పెరుగులాంటి దాంట్లో ఉల్లిపాయ కలిపి, దాన్ని చిప్స్‌కి జత చేసిన మొదటి మనిషి ఎవరు? ఎవరో ఒకరు తమ వంటింట్లో, తమ వాళ్ళ కోసమే కదా చేసుంటారు! మరి ఇంట్లో పుట్టినది ప్యాకెట్‌లోకి, సీసాలోకి ఎలా వెళ్ళింది? ఆ పైన కొన్ని వారాలు పని అయిపోయిన మధ్యాహ్నాలన్నీ దీని గురించి చదువుతూనే గడిపాను. "బి.ఏ. తెలుగు చదివినదానివి, నీకు సూప్ ప్యాకెట్ల చరిత్రతో ఏం పనోయ్?" అని మావారు ఆటపట్టించారు. పని ఉంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను, అది నా అలవాటు. డిప్ అనే మాటకి తెలుగేమిటి? మనం ఇడ్లీని పచ్చడిలో అద్దుకుంటాం, బిస్కెట్‌ని టీలో ముంచుకుంటాం, పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటాం. నాకైతే నంజుకోవడమే దగ్గరగా అనిపిస్తుంది. అసలు తిండి ఒకటి, దానికి తోడుగా నాలుకని లేపే రుచి ఇంకొకటి. ఇంకో చిత్రం చూడండి. నిఘంటువులో "నంజు" అన్న మాటకి విషం అనే అర్థం కూడా ఉంది. చదువుకునే రోజుల్లో దీన్ని వింతగా మాత్రమే చూశాను. ఇప్పుడు చూస్తే గుండె కలుక్కుమంటుంది.

కరకరలాడేదానికి మెత్తనిది, ఉప్పనిదానికి పుల్లనిది తోడు చెయ్యడం మనకి కొత్తేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వర్ణిస్తాడు. అందులో వానాకాలపు భోజనంలో వడియాలు, వరుగులు, పెరుగు పక్కపక్కనే ఉంటాయి. వరుగులంటే ఈ కాలం పిల్లలకి తెలియదు. కూరగాయల్ని చక్రాల్లా కోసి, ఎండబెట్టి, నిలవ చేసుకుని, కావలసినప్పుడు వేయించుకోవడం. అంటే కూరగాయల చిప్సే! పదహారో శతాబ్దపు విస్తరిలో చిప్స్, దాని పక్కన పెరుగు ఉన్నాయన్నమాట. రాయలవారి కాలానికి మన దేశంలో బంగాళాదుంప లేదు, అంతే తేడా.

సరే, ఇక అమెరికా సంగతి.

ఆలూ చిప్స్ పుట్టుక గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్ అనే ఊళ్ళో జార్జ్ క్రమ్ అనే వంటవాడు ఉండేవాడు. ఒక కస్టమర్ బంగాళాదుంప వేపుడు మందంగా ఉందని మాటిమాటికీ వెనక్కి పంపుతుంటే ఒళ్ళు మండి, కాగితంలా పల్చగా తరిగి వేయించి పంపాడట. చూస్తే అది ఆ కస్టమర్‌కి తెగ నచ్చేసిందట! అక్కడే పనిచేసిన అతని తోబుట్టువు కేట్ ముందు చేసిందని ఇంకో కథ. కానీ 1817లోనే లండన్‌లో విలియం కిచినర్ అనే ఆయన వేసిన వంటల పుస్తకంలో బంగాళాదుంపల్ని పల్చగా తరిగి వేయించే పద్ధతి ఉంది. కాబట్టి ఫలానావాళ్ళే కనిపెట్టారని చెప్పలేం. ఆ పుస్తకం వేసిన ఆయనకి ఎవరు చెప్పారో, ఏ వంటింట్లో చూశాడో!

నాకు క్రమ్ కథ కంటే బాగా నచ్చింది లారా స్కడర్ కథ. మొదట్లో చిప్స్‌ని పీపాల్లోనో పెద్ద డబ్బాల్లోనో పోసి అమ్మేవారు. పైన ఉన్నవి బాగుండేవి, అడుగున ఉన్నవి మెత్తబడి, విరిగి, పొడైపోయేవి. 1926లో కాలిఫోర్నియాలోని మాంటెరీ పార్క్‌లో లారా స్కడర్ అనే ఆవిడ చిప్స్ వ్యాపారం మొదలుపెట్టింది. తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళు రాత్రిళ్ళు మైనపు కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి, ఇస్త్రీ పెట్టెతో అంచులు అతికించి సంచుల్లా చేసేవాళ్ళు. మర్నాడు వాటిల్లో చిప్స్ నింపి, పైన కూడా ఇస్త్రీతో మూసేసేవాళ్ళు. గాలి తగలకపోయేసరికి కరకరలు నిలిచాయి. ఇవాళ మనం పది రూపాయలకి కొని చింపి పారేసే ప్యాకెట్ వెనక, ఇంటిపని ముగించుకుని ఇస్త్రీ పెట్టె పట్టుకున్న ఆడవాళ్ళున్నారు. స్కడర్ పేరు మిగిలింది. ఇస్త్రీ చేసిన వాళ్ళ పేర్లు మిగల్లేదు.

చిప్స్ ఇంటికి చేరాయి. మరి నంజుకోవడానికి? దానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ఇళ్ళల్లోకి టీవీ వచ్చింది. నలుగురూ హాల్లో కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, కంచాలూ చెంచాలూ అవసరం లేకుండా తినేవి కావలసి వచ్చాయి. వడ్డించేందుకు పనివాళ్ళు లేని ఇల్లాలికి ఒక గిన్నె కలిపి మధ్యలో పెట్టేస్తే తనూ వచ్చి కూర్చోవచ్చు. ఈ మాట మీలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. మన ఇళ్ళల్లో మిరపకాయ బజ్జీలు వేసినరోజు ఆఖరి వాయి దాకా స్టవ్ దగ్గర నిలబడేది ఎవరో మనకి తెలుసు.

1952లో లిప్టన్ కంపెనీ ఉల్లిపాయ సూప్ పొడి అమ్మడం మొదలుపెట్టింది. మనకి టీ పొడితో తెలిసిన లిప్టనే. నీళ్ళు మరిగించి ఆ పొడి వేస్తే సూప్, వాళ్ళు అనుకున్న వాడుక అంతే. అయితే 1954లో లాస్ ఏంజెలెస్‌లో ఎవరో ఆ పొడిని నీళ్ళకి బదులు సోర్ క్రీమ్‌లో కలిపారు. సోర్ క్రీమ్ అంటే మరేం లేదు, మీగడని తోడుపెడితే వచ్చే పుల్లటి ముద్ద. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు ఆ అలవాటుని తమతో పాటు అమెరికా తెచ్చుకున్నారు. మన ఇళ్ళల్లో పెరుగు మీద కట్టే మీగడని వెన్న కోసం దాస్తాం చూడండి, ఇంచుమించు అదే.

ఎండు ఉల్లిపాయ తునకలు సోర్ క్రీమ్‌లోని తడిని పీల్చుకుని ఉబ్బుతాయి. వాటిలోని ఉప్పూ రుచీ ముద్దకి పడతాయి. ముద్ద ఇంకాస్త చిక్కబడుతుంది. పొయ్యి వెలిగించే పనే లేదు. ఈ కిటుకు ఆ నోటా ఈ నోటా పాకి, పత్రికల్లోకి ఎక్కి, కంపెనీ దాకా వెళ్ళింది. 1958 నుంచి ప్యాకెట్ మీదే ఆ వంటకం అచ్చువేశారు. జనం దానికి పెట్టుకున్న పేరు కాలిఫోర్నియా డిప్.

మొదట కలిపినవాళ్ళ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఎక్కడ చదివినా "ఎవరో ఒక వంటమనిషి" అనో, "ఒక గృహిణి" అనో ఉంటుంది. కంపెనీ పేరు తెలుసు, సంవత్సరం తెలుసు, ఊరు తెలుసు. మనిషి పేరు లేదు. ఇది చదివిన మధ్యాహ్నం నేను ల్యాప్‌టాప్ మూసేసి, పడుకుని ఉన్న మా అత్తయ్య వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

రెండో కథ రాంచ్ డ్రెస్సింగ్‌ది. పిజ్జా షాపుల్లోనో, సూపర్ మార్కెట్ అరల్లోనో ఈ పేరు మీరు చూసే ఉంటారు. మజ్జిగ, మయోనైజ్, వెల్లుల్లి, ఉల్లిపాయ, ఆకుల ఘాటు కలిసిన రుచి. నెబ్రాస్కాలో పుట్టిన స్టీవ్ హెన్సన్ అనే ఆయన పంతొమ్మిదివందల నలభైల చివర్లో అలాస్కా వెళ్ళి ప్లంబింగ్ కాంట్రాక్టులు చేసేవాడు. అక్కడ పనివాళ్ళకి వండిపెడుతూ ఈ మిశ్రమం తయారుచేశాడు. మంచుదేశంలో, ఇంటికి దూరంగా ఉన్న పనివాళ్ళకి ఆకుకూర సహించాలంటే దాని మీద ఏదో రుచి పడాలి కదా.

1954లో ఆయనా, ఆయన భార్య గేల్ కలిసి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర కొండల్లో అతిథులు దిగే రాంచ్ ఒకటి కొని, హిడెన్ వ్యాలీ రాంచ్ అని పేరు పెట్టారు. రాంచ్ అంటే పశువులూ గుర్రాలూ ఉండే పెద్ద పొలం. వచ్చిన అతిథులు గుర్రపు స్వారీ సంగతేమో గానీ, ఆ డ్రెస్సింగ్ మాత్రం మర్చిపోలేకపోయారు. వెళ్ళేటప్పుడు సీసాల్లో పోయించుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. పెళ్ళికొచ్చిన చుట్టాలు ఆవకాయ కట్టించుకెళ్ళినట్టు!

తర్వాత వాళ్ళు ఆ దినుసుల పొడిని ప్యాకెట్లు కట్టి, ప్యాకెట్ 75 సెంట్ల చొప్పున పోస్టులో పంపడం మొదలుపెట్టారు. కొన్నవాళ్ళు ఇంట్లో మజ్జిగా మయోనైజూ కలుపుకోవాలి. గిరాకీ ఎంత పెరిగిందంటే ఇంట్లో ప్రతి గదీ ఆ పనికే సరిపోయింది. 1972లో ఆ పేరునీ వ్యాపారాన్నీ క్లోరాక్స్ కంపెనీ 80 లక్షల డాలర్లకి కొనేసింది. బట్టలకి వాడే బ్లీచ్‌తో పేరు తెచ్చుకున్న కంపెనీ అది. వాళ్ళు మజ్జిగ రుచిని కూడా పొడిలోనే పెట్టేసి, మామూలు పాలు కలిపితే చాలన్నారు. 1983లో అసలు కలిపే పనే లేకుండా, ఫ్రిజ్ అక్కర్లేకుండా షాపు అరలో నిలవుండే సీసా తెచ్చారు. 1986లో ఆ రుచి డోరిటోస్ చిప్స్ మీదకే ఎక్కింది. అంటే నంజుకునేది కూడా చిప్ మీదే చల్లేశారు. 1992కల్లా అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యే సలాడ్ డ్రెస్సింగ్ రాంచే అయింది.

ఈ మెట్లు ఒక్కొక్కటే చూడండి. మొదట ఒకరు తన ముందున్న మనుషులకి చేత్తో కలిపి పెట్టారు. తర్వాత పొడి వచ్చింది, కలపడం మన వంతుగా మిగిలింది. ఆ తర్వాత మజ్జిగ పోయి పాలు వచ్చాయి. చివరికి సీసా వచ్చింది, మనకి మూత తియ్యడమే మిగిలింది. ఒక్కో మెట్టుకీ ఇంట్లోవాళ్ళ చెయ్యి కొంచెం కొంచెం తగ్గింది, సరుకు నిలవుండే రోజులు పెరిగాయి. అది చెడ్డదని నేననను. పొద్దున్నే డబ్బాలు కట్టి ఆఫీసుకి పరిగెత్తే ఆడవాళ్ళకి ఆ సీసా ఎంత ఊరటో నాకు తెలుసు. సాంబారు పొడి ప్యాకెట్ నేనూ కొంటాను. మా అమ్మ కొట్టించిన కారం తప్ప వాడనని ఒకప్పుడు శపథాలు చేసినదాన్నే.

ఇక దసరా సంగతి.

2024 దసరా సెలవుల్లో మా అబ్బాయి స్నేహితులు నలుగురు ఇంటికొచ్చారు. "అమ్మా, చిప్స్‌లోకి ఇంట్లోనే ఏదైనా డిప్ చెయ్యవా?" అని వాడు అడిగాడు. ముందురోజు బొమ్మల కొలువు పేరంటం, ఆ రోజు పిండివంటలు. నా నడుము విరిగిపోయి ఉంది. రెండు వందలు చేతిలో పెట్టి, "బయటే ఏదో ఒకటి తినేసి రండిరా" అన్నాను. వాళ్ళు ఒక బండి దగ్గర మోమోలు తిన్నారు, పక్కన ఎర్ర చట్నీ, తెల్ల మయోనైజ్. అర్ధరాత్రి నుంచి వాడికి వాంతులు, తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. మూడు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. డాక్టరు ఏం తిన్నాడని అడిగి, మయోనైజ్ మాట వినగానే తలాడించారు. అదే కారణమని ఎవరూ రాసివ్వలేదు. కానీ ఆసుపత్రి కుర్చీలో కూర్చున్న మూడు రాత్రులూ నాకు వాడి ప్రశ్నే వినిపించింది. ఇంట్లో చెయ్యవా అమ్మా అన్నాడు. నేను చెయ్యలేదు.

వాడు కోలుకున్నాక, తప్పు దిద్దుకోవాలని, వీడియోలు చూసి మయోనైజ్ నేనే చేశాను. రెండు గుడ్లు, కాస్త నిమ్మరసం, ఆవపొడి, మిక్సీలో తిప్పుతూ సన్నటి ధారగా నూనె. గుడ్డు పచ్చసొనలో లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలుగా కలవని నూనెనీ నీటినీ అది కలిపి పట్టుకుంటుంది. అందుకే పల్చటి నూనె చూస్తుండగానే వెన్నలా గట్టిపడుతుంది. మొదటిసారి చూస్తే గారడీలా ఉంటుంది. ఆ గారడీ చూసి నాకు గర్వం కూడా వచ్చింది. బయటి చెత్త ఎందుకు, ఇంట్లో శుభ్రంగా చేశానని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను.

సరిగ్గా దీపావళికి ముందురోజు, అక్టోబర్ 30న, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. అంతకు కొద్దిరోజుల ముందే హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకామె చనిపోయారని, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారని వార్తల్లో చూసి ఉన్నాం. కేరళలో 2023 జనవరిలోనే ఇలాంటి నిషేధం వచ్చింది. తమిళనాడులో 2025 ఏప్రిల్‌లో వచ్చింది.

వార్త చదువుతూ "పచ్చి గుడ్లతో" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను చేసిందీ అదే కదా! సాల్మొనెల్లా అనే క్రిమి గుడ్డు పెంకు మీదే కాదు, లోపల కూడా ఉండొచ్చు. నా మిక్సీ గిన్నె ఎంత తళతళలాడితే దానికేం? ఫ్రిజ్‌లో పెడితే పెరగడం తగ్గుతుంది గానీ చావదు. వండితే చస్తుంది, మయోనైజ్‌లో వండడం అనేదే లేదు. పేరున్న కంపెనీలు చేసేదేమిటంటే, గుడ్డు గట్టిపడనంత, క్రిములు మాత్రం చచ్చేంత వేడి మీద దాన్ని పాశ్చరైజ్ చేస్తాయి. వెనిగర్ కొలతగా పడుతుంది. ఆ నిషేధం వర్తించింది కూడా పచ్చి గుడ్డు సరుక్కే, పాశ్చరైజ్ చేసినదానికి కాదు. బండివాడి దగ్గరా నా వంటింట్లోనూ లేని జాగ్రత్త ఫ్యాక్టరీలో ఉంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ఆ సీసా బయట పారబోసి, ఇంట్లో ఇక తెల్లటి గిన్నె అన్నదే వద్దన్నాను.

అన్నట్టు, ఈ మయోనైజ్ కథలో కూడా ఒక ఇల్లాలు ఉంది. 1756లో ఫ్రెంచివాళ్ళు మినోర్కా దీవిలోని మహోన్ రేవుని పట్టుకున్నప్పుడు పుట్టిందని, ఆ ఊరి పేరే దీనికి వచ్చిందని ఒక కథ చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, దాన్ని అమెరికాలో ఇంటింటికీ చేర్చినవాళ్ళలో ముఖ్యుడు రిచర్డ్ హెల్మన్ అనే జర్మన్ వలసదారు. 1905లో న్యూయార్క్‌లో కొట్టు పెట్టాడు. అక్కడ అమ్మిన మయోనైజ్ ఆయన భార్య చేతి వంటకమని చెప్పుకుంటారు. 1912 నాటికి నీలం రిబ్బను గుర్తుతో గాజు సీసాల్లో అమ్మాడు. సీసా మీద ఇంటిపేరు ఉంది. వంటకం ఎవరిదో ఆవిడ పేరు లేదు.

ఇవన్నీ చదివాక, ఆ రోజు అందర్నీ కలిపి నేను వేసిన శిక్ష సరైంది కాదని అర్థమైంది. ఇంట్లో చేసిందల్లా మంచిది, కొన్నదల్లా చెడ్డది అని గీత గీసుకుని ఇన్నాళ్ళూ బతికాను. గీత అక్కడ లేదు. ఏ పని ఎవరి చేతిలో క్షేమమో చూసుకోవాలి. పచ్చి గుడ్డుతో పని ఫ్యాక్టరీకి వదిలెయ్యాలి. మయోనైజ్ కావాలంటే గుడ్డు లేనిదో, పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసినదో చీటీ చదివి కొంటాను. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. బల్ల మీద పెట్టింది రెండు గంటలు దాటితే మళ్ళీ లోపల పెట్టను, పారేస్తాను. పెరుగు మాత్రం మన చేతిలోది. వేలు పెట్టి పాల వేడి చూసి తోడేసే విద్య మనకి ఎవరూ ప్యాకెట్‌లో అమ్మక్కర్లేదు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఆదివారాలు ఇలా చేస్తున్నాం. లీటరు చిక్కటి పెరుగు పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, కింద ఇంకో గిన్నెతో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. తెల్లారేసరికి ఇంచుమించు సగమవుతుంది, వెన్నముద్దలా ఉంటుంది. దిగిన నీళ్ళు చపాతీ పిండిలోకి. రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, చెంచా నూనెలో సన్నసెగ మీద పాతిక నిమిషాలు ఓపిగ్గా వేయిస్తాను. తొందరపడి మంట పెంచితే అంచులు మాడి చేదు వస్తుంది. బాగా గోధుమరంగు వచ్చి తీపి వాసన వేసినప్పుడు దింపి, పూర్తిగా చల్లారాకే పెరుగులో కలపాలి. వేడిగా కలిపితే పెరుగు విరిగి నీళ్ళు వదులుతుంది. చిన్న వెల్లుల్లి రెబ్బ, మిరియాలు, ఉప్పు. చిప్స్‌లోకైతే ఉప్పు సగమే, వాటిలో ఎలాగూ ఉంటుంది. క్యారెట్ ముక్కల్లోకైతే కాస్త ఎక్కువ వెయ్యాలి. కలిపాక గంటసేపు ఆగితే రుచి కుదురుకుంటుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బాగుంటుంది, మా ఇంట్లో పూట కూడా మిగలదు.

కీరా తురుము వేసేటట్టయితే ముందే ఉప్పు వేసి పిండెయ్యండి, లేకపోతే గిన్నె అంతా నీళ్ళే. ఇది మా అత్తయ్య చెప్పింది. పోపు కూడా ఆవిడ చెప్పినట్టే: ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు, చల్లారాక పైన. మా చెల్లెలు దాన్ని చిప్‌తో తిని, "డాలస్ వెళ్ళగానే ఇదే చేస్తా, ఎవరైనా అడిగితే మా అక్క అత్తగారి డిప్ అని చెప్తా" అంది. ఆవిడ సిగ్గుపడి, "నాదేముందమ్మా, మా అత్తగారు చేసేది" అన్నారు. వాళ్ళ అత్తగారి పేరేమిటని అడిగాను. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు ఆవిడతో కలిసి వండిన మనిషి, పేరు చెప్పడానికి ఒక్క క్షణం ఆగారు. ఆ ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి పేరుతో పిలిచేవారు కాదట. గుర్తు తెచ్చుకుని చెప్పారు. నేను నా వంటల నోటు పుస్తకంలో ఆ పచ్చడి పక్కన ఇద్దరి పేర్లూ రాసుకున్నాను.

మీకూ ఇలాంటి పచ్చడి ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేరు రాసిపెట్టండి. తర్వాత అడగడానికి మనుషులు ఉండరు.

మొన్న ఆదివారం మా అబ్బాయి స్నేహితులు మళ్ళీ వచ్చారు. ఈసారి వాడు నన్ను అడగలేదు. ముందురోజు రాత్రే పెరుగు మూట వాడే కట్టుకున్నాడు. కట్టడం సరిగ్గా రాక సింకు నిండా పెరుగు చేశాడు, అది కడిగింది నేనే లెండి. వాళ్ళు వెళ్ళాక ఫ్రిజ్ తెరిస్తే కొంచెం మిగిలిన డబ్బా కనిపించింది. మూత మీద కాగితం అతికించి, వాడి కోడిగీతల్లో రాసి ఉంది: "నానమ్మ డిప్. పోపు వెయ్యలేదు."